ఇన్‌కాగ్నిటో ఎవరి నుంచి దాస్తుంది?

మా ఆలూరులాంటి ఊర్లో ఒక సంగతి దాచడం చాలా కష్టం. పొద్దున బస్టాండులో ఆదోని బస్సు ఎక్కితే, ఎవరితో ఎక్కావు, ఎందుకు పోయావు అన్నది సాయంత్రానికి ఇంట్లో తెలిసిపోతుంది. అందుకేనేమో, క్రోమ్‌లో కనిపించే ఆ టోపీ, కళ్లద్దాల బొమ్మంటే ఇక్కడి పిల్లలకు అంత నమ్మకం.

మొన్నొక డిగ్రీ అమ్మాయి అడిగింది. "అన్నా, ఇన్‌కాగ్నిటోలో చూస్తే ఎవరికీ తెలీదు కదా?"

"ఎవరికి తెలియకూడదు?" అన్నాను. నవ్వి ఊరుకుంది. నేనూ రెట్టించలేదు. ఆరోగ్యం గురించి కావచ్చు, ఇంట్లో ఒప్పుకోని చదువు గురించి కావచ్చు, ఒక అబ్బాయి గురించీ కావచ్చు. ఇంటికంతా ఒకటే ఫోను, అదీ రాత్రయితే అన్న చేతికి పోయే ఇంట్లో ఆ ప్రశ్న చిన్నదేం కాదు.

ఇన్‌కాగ్నిటో చేసే పని ఒక్కటే. ట్యాబ్ మూసేశాక హిస్టరీ, కుకీలు ఆ ఫోన్‌లో మిగలనివ్వదు. అంటే మీ తర్వాత ఫోను పట్టుకునే మనిషి నుంచి దాస్తుంది, అంతే. నెట్ ఇచ్చే కంపెనీకి గానీ, మీరు వెళ్లిన సైటుకు గానీ అడ్డం రాదు. 2020లో అమెరికాలో ఇదే గొడవ మీద గూగుల్‌పై కేసు పడింది. ప్రైవేట్ అని చెప్పి మా వివరాలు సేకరించారని జనం కోర్టుకెక్కారు. 2024లో రాజీ కుదిరి, వందల కోట్ల రికార్డులు చెరిపేయడానికి గూగుల్ ఒప్పుకుంది.

సరే, అమెరికా సంగతి అలా ఉంచుదాం. నన్నడిగితే మన దగ్గర మొదటి భయం గూగుల్ కాదు, ఇల్లే. ఇంట్లో దొరికిపోయేది కూడా పెద్ద టెక్నాలజీ వల్ల కాదు. ట్యాబ్ మూయకుండా ఫోను పక్కన పెట్టేస్తారు. డౌన్‌లోడ్ చేసిన ఫొటోనో, పీడీఎఫ్‌నో ఫోన్‌లోనే ఉండిపోతుంది. ఇన్‌కాగ్నిటో పోయినా ఫైలు పోదు. తీసిన స్క్రీన్‌షాట్లూ అంతే. క్రోమ్ సెట్టింగ్స్‌లో ప్రైవసీ అండ్ సెక్యూరిటీ కింద, క్రోమ్‌లోంచి బయటికి రాగానే ఇన్‌కాగ్నిటో ట్యాబ్‌లకు తాళం పడే ఆప్షన్ ఉంది. వేలిముద్రో, ఫోన్ లాక్ పిన్నో పెడితేనే తెరుచుకుంటాయి. కాకపోతే అన్న వేలిముద్ర కూడా అదే ఫోన్‌లో ఉంటే ఆ తాళం దండగ!

ఇంటి తర్వాత జిరాక్స్ షాపు. హాల్‌టికెట్ ప్రింట్ కోసం అక్కడి కంప్యూటర్‌లో వాట్సాప్ వెబ్ తెరిచి, హడావిడిలో అలాగే వచ్చేసేవాళ్లు ఎంతమందో. మీ ఫోన్‌లో లింక్డ్ డివైసెస్ అని ఉంటుంది, ఇప్పుడే ఒకసారి చూడండి. తెలియని కంప్యూటర్ పేరు కనిపిస్తే లాగౌట్ కొట్టండి. మీ చాట్ అవతల ఎవరైనా చదువుతుంటే, మీరు ఎంత ప్రైవేట్‌గా బ్రౌజ్ చేసి ఏం లాభం?

ఇక నెట్ కంపెనీ, వైఫై ఓనరు. సైటు అడ్రసు హెచ్‌టీటీపీఎస్‌తో మొదలైతే, మీరు ఏ సైటుకు వెళ్లారో వాళ్లకు తెలియొచ్చు, లోపల ఏ పేజీ చదివారో తెలీదు. ఆ సైటు పేరు కూడా తెలియకూడదనుకునేవాళ్లు వీపీఎన్ పెట్టుకుంటారు. పెట్టుకోవచ్చు, నేరమేం కాదు. కానీ అప్పుడు నెట్ కంపెనీకి కనిపించేవన్నీ దానికి బదులు వీపీఎన్ కంపెనీకి కనిపిస్తాయి. నమ్మకం ఒకరి మీద నుంచి ఇంకొకరి మీదికి మారిందంతే. ఆ ఇంకొకరు ఎవరు? ఫేస్‌బుక్ 2013లో కొన్న ఒనావో యాప్ సంగతి చూడండి. మీ డేటాకు రక్షణ అంటూ ఫ్రీగా ఇచ్చారు. జనం ఏ యాప్‌లు ఎంతసేపు వాడుతున్నారో దాన్నుంచే ఫేస్‌బుక్ తెలుసుకుంది. గొడవై 2019లో మూసేశారు. 2022 ఏప్రిల్‌లో మన సెర్ట్-ఇన్, వీపీఎన్ కంపెనీలు కస్టమర్ల పేరు, అడ్రసు, ఐపీ వివరాలు 5 ఏళ్లు దాచాలని ఆదేశమిచ్చింది. ఎక్స్‌ప్రెస్ వీపీఎన్, నార్డ్ వీపీఎన్ లాంటివి ఇండియాలోని సర్వర్లనే ఎత్తేశాయి.

టోర్ బ్రౌజర్ ఇంకాస్త గట్టిది. మీ రిక్వెస్టును మూడు కంప్యూటర్ల మీదుగా తిప్పి పంపుతుంది కాబట్టి ఎక్కడి నుంచి వచ్చారో సైటుకు తెలీదు, స్పీడు మాత్రం నత్తనడకే. అయితే అందులోకి పోయి మీ జీమెయిల్‌తోనే లాగిన్ అయితే, ముసుగేసుకుని మెడలో పేరు బోర్డు తగిలించుకున్నట్టే.

అన్నిటికన్నా నాకు భయం వేసేది యాప్‌లు. 2020 చివర్లో తెలంగాణలో లోన్ యాప్‌ల వేధింపులకు కొందరు ప్రాణాలు తీసుకున్నారు. ఆ యాప్‌లు ఎవరి హిస్టరీనీ తవ్వలేదు. ఇన్‌స్టాల్ చేసేటప్పుడు కాంటాక్ట్స్, ఫొటోలు చూసుకోమని మనమే 'అలో' నొక్కుతాం కదా, దాంతోనే బంధువులందరికీ ఫోన్లు చేశారు. లోన్ యాప్‌లు కాంటాక్ట్స్, ఫొటోలు అడగకూడదని 2023 మే 31 నుంచి ప్లే స్టోర్‌లో రూలు వచ్చింది. వాట్సాప్‌లో ఎవరో పంపే ఏపీకే ఫైలుకు ఏ రూలూ లేదు. అది ఫ్రీ వీపీఎన్ అని వచ్చినా సరే, ముట్టుకోకండి.

ఒకవేళ ఎవడైనా మీ ఫొటోతో బెదిరిస్తుంటే డబ్బులు పంపొద్దు, చాట్ డిలీట్ చేయొద్దు, స్క్రీన్‌షాట్లు తీసి పెట్టుకోండి. డబ్బు పోయుంటే వెంటనే 1930కి ఫోన్ చేయండి, ఎంత త్వరగా చేస్తే ఆ డబ్బు ఆపే అవకాశం అంత ఎక్కువ. కేంద్రం నడిపే సైబర్ క్రైమ్ పోర్టల్‌లో అశ్లీల ఫొటోలు, వీడియోల మీద ఫిర్యాదును మీ పేరు చెప్పకుండానే ఇవ్వొచ్చు. ఇంట్లో చెప్పుకోలేని అమ్మాయిలు, అబ్బాయిలు కూడా, ఇది గుర్తుపెట్టుకోండి. స్టాప్ ఎన్‌సీఐఐ అనే సైటు మీ ఫొటోకు మీ ఫోన్‌లోనే ఒక కోడ్ తయారు చేసి, ఆ కోడ్‌ను మాత్రమే ఫేస్‌బుక్, ఇన్‌స్టాగ్రామ్ లాంటి వాటికి ఇస్తుంది. ఫొటో మీ చేయి దాటి పోదు. 18 ఏళ్లలోపు తీసిన ఫొటో అయితే టేక్ ఇట్ డౌన్ అని వేరే సైటు ఉంది, అక్కడా పేరు అడగరు.