మృత్యువుకు లెక్క, ధరలకు లేదు

మా నాయనగారి ట్రంకు పెట్టెలో బీమా రసీదులు ఇప్పటికీ కట్టగా ఉన్నవి. ఇంట బియ్యం నిండుకొన్న నెలలోనైనా ప్రీమియం ఆగలేదు, అమ్మ సణిగేది.

ఎవరెప్పుడు పోతారో బీమా గణకునికి తెలియదు. ఒకే వయసువారు వేలకొలది ఉన్నచో, ఏడాదిలో ఎందరు పోదురో మాత్రం మరణపట్టికను బట్టి అంచనా కట్టగలడు. (జ్యోతిష్కుని కంటె నయమే!) ప్రీమియం నిర్ణయానికి ఆ అంచనాయే మూలం.

అయితే సొమ్ము దాచిన కంపెనీయే మునిగితే? కొన్ని మునిగినవి కూడ. 1956 జనవరి 19న ఆర్థికమంత్రి చింతామణ్ దేశ్‌ముఖ్ జాతీయకరణను రేడియోలోనే ప్రకటించారు. 245 సంస్థల వ్యాపారం సెప్టెంబరు 1న ఏర్పడిన జీవిత బీమా సంస్థకు సంక్రమించింది. పాలసీ సొమ్ముకు కేంద్ర ప్రభుత్వపు హామీ చట్టంలోనే చేరినది.

గడువు తీరేనాటికి నాయనగారు జీవించియే ఉన్నారు. సొమ్ము పైసలతో సహా చేతికి వచ్చింది. పాలసీ తీసికొన్ననాడు ఆ పైకానికి ఎన్ని బస్తాల బియ్యం వచ్చేవో అమ్మ వ్రేళ్లమీద లెక్కించింది, నాయనగారు పలుకలేదు.