పెరటిలో మందారమా, గన్నేరా?

ఈ పాఠం చదివిన తరువాత మీరు
● బహువార్షిక పూలమొక్క అంటే ఏమిటో చెప్పగలుగుతారు.
● మందారానికి, గన్నేరుకు నీరు, నేల, సంరక్షణ విషయాల్లో ఉన్న తేడాలను వివరించగలుగుతారు.
● మీ పెరటికి ఏ మొక్క తగినదో, దాన్ని ఎక్కడ నాటాలో నిర్ణయించుకోగలుగుతారు.

1. పరిచయం

బంతి మొక్క ఒక కాలం పూసి ఎండిపోతుంది. మరుసటి ఏడు మళ్లీ విత్తనం చల్లాలి. మందారం, గన్నేరు అలా కాదు. ఒకసారి నాటితే ఏళ్ల తరబడి బతికి పూలిస్తాయి. ఇలాంటి మొక్కలను బహువార్షికాలు అంటారు. బంతిని తగని చోట నాటితే ఆ ఒక్క కాలమే నష్టం. బహువార్షికాన్ని తగని చోట నాటితే ఆ ఇబ్బంది ఏళ్ల తరబడి ఉంటుంది. అందువల్ల గుంత తవ్వక ముందే ఆలోచించుకోవాలి.

ఈ పాఠంలో బస్తర్ ప్రాంతాన్ని ఉదాహరణగా తీసుకుందాం. ఒకప్పుడు ఇది ఒకే పెద్ద జిల్లా. 1998 నుంచి దశలవారీగా విడిపోయింది. తెలుగు వినిపించే భోపాలపట్నం ఇప్పుడు బీజాపూర్ జిల్లాలో, కొంటా సుక్మా జిల్లాలో ఉన్నాయి. ఈ ప్రాంతంలో ఇంటిని ఆనుకొని కంచె వేసుకున్న పెరటిని ‘బాడీ’ అంటారు. అందులో కూరగాయలతో పాటు ఒకటి రెండు పూలమొక్కలు కూడా పెంచుకుంటారు.

2. మొక్కలను గుర్తుపట్టడం

మందారం ఆకులు వెడల్పుగా, మెత్తగా ఉంటాయి. అంచున రంపపు పళ్లలాంటి నొక్కులు ఉంటాయి. పువ్వు మధ్య నుంచి పొడవైన కాడ ముందుకు వస్తుంది. దాని మీదే పుప్పొడి ఉంటుంది. రేకమందారానికి అయిదు రేకులు. ముద్దమందారంలో కేసరాలు కూడా రేకులుగా మారి పువ్వు ఒత్తుగా కనిపిస్తుంది. ఉదయం విచ్చిన పువ్వు సాధారణంగా సాయంత్రానికి వాడిపోతుంది. కాని మొక్క దాదాపు ఏడాది పొడవునా పూస్తుంది.

గన్నేరు ఆకులు సన్నగా, పొడవుగా, దళసరిగా ఉంటాయి. కొమ్మ మీద ఒక్కొక్క కణుపు దగ్గర సాధారణంగా మూడేసి ఆకులు ఉంటాయి. గులాబి, తెలుపు, ఎరుపు రంగుల పూలు గుత్తులుగా పూస్తాయి. గుత్తి కొన్ని రోజులు నిలుస్తుంది. కొన్ని రకాలకు మంచి సువాసన ఉంటుంది.

హిందీలో మందారాన్ని గుడహల్ అని, గన్నేరును కనేర్ అని అంటారు. పసుపు గంటల్లాంటి పూలు పూసే పచ్చగన్నేరును కూడా కనేర్ అనే పిలుస్తారు. అది వేరే మొక్క. దాని కొమ్మ విరిస్తే తెల్లని పాలు కారతాయి. నర్సరీలో కొనేటప్పుడు ఏది కావాలో స్పష్టంగా చెప్పండి.

3. నీరు, నేల

బస్తర్‌లో జూన్ నుంచి సెప్టెంబరు వరకు బాగా వానలు పడతాయి. మార్చి నుంచి మే వరకు ఎండ మండిపోతుంది. బోరింగు నుంచి మోసుకొచ్చే ప్రతి బిందెకూ లెక్క ఉంటుంది. ఈ రెండు మొక్కల మధ్య తేడా ఆ మూడు నెలల్లోనే బయటపడుతుంది.

మందారం ఆకులు పలుచన. వాటి నుంచి నీరు త్వరగా ఆవిరైపోతుంది. ఎండాకాలంలో పాదు ఆరిపోతే మొగ్గలు విచ్చకుండానే రాలిపోతాయి. గిన్నెలు కడిగిన నీళ్లు పారే చోట నాటితే ఈ ఇబ్బంది తగ్గుతుంది. సబ్బు, ఉప్పు ఎక్కువగా ఉన్న నీళ్లు మాత్రం పోయరాదు.

గన్నేరు ఆకు నిర్మాణమే వేరు. ఆకులు గాలి పీల్చుకొనే సన్నని రంధ్రాలను పత్రరంధ్రాలు అంటారు. గన్నేరులో ఇవి ఆకు అడుగు భాగాన చిన్న చిన్న గుంటలలో, సన్నని నూగు మాటున దాగి ఉంటాయి. వేడిగాలి నేరుగా తగలదు కాబట్టి నీరు తక్కువగా ఆవిరవుతుంది. బాగా నాటుకున్న గన్నేరు వారాల తరబడి నీరు లేకపోయినా తట్టుకుంటుంది.

బస్తర్ రైతులు గరుకు నేల ఉన్న ఎత్తు భూమిని మర్హాన్ అని, నీరు నిలిచే పల్లపు భూమిని గభార్ అని పిలుస్తారు. మర్హాన్ వంటి చోట గన్నేరు బాగా వస్తుంది. ఎరువు, నీరు అందిస్తే మందారం కూడా వస్తుంది. గభార్ వంటి చోట రెండూ నాటవద్దు. వానాకాలంలో వేళ్లు కుళ్లిపోతాయి.

4. మేక ముట్టని మొక్క

మందారం ఆకులంటే మేకలకు ఎంతో ఇష్టం. కంచెలో చిన్న సందు దొరికినా ఒక్క పూటలో మొక్కను మోడు చేస్తాయి. గన్నేరును పశువులు సాధారణంగా ముట్టవు. రోడ్ల మధ్య గన్నేరు నాటడానికి ఇది కూడా ఒక కారణం.

పశువులు ఎందుకు ముట్టవు? గన్నేరు చేదు, విషం. ఆకు, పువ్వు, కాయ, కొమ్మ, వేరు అన్నిటిలోను ఒలియాండ్రిన్ వంటి విషపదార్థాలు ఉంటాయి. ఇవి గుండె కొట్టుకొనే తీరును దెబ్బతీస్తాయి. సంస్కృతంలో గన్నేరుకు అశ్వమారకం, అంటే గుర్రాన్ని చంపేది, అనే పేరు ఉంది. పచ్చగన్నేరు కూడా ఇంతే ప్రమాదకరం. ఆడుకొనే పిల్లల చేతికి దాని కాయలు అందకూడదు.

మేక నుంచి మొక్కను కాపాడేది ఏదో, పిల్లలకు ప్రమాదం తెచ్చేదీ అదే. ఈ పాఠంలో ముఖ్యంగా గుర్తుంచుకోవలసిన విషయం ఇది.

2024 మే నెలలో కేరళలోని తిరువాన్కూర్ దేవస్వం బోర్డు తన ఆలయాల నైవేద్యంలోను, ప్రసాదంలోను గన్నేరు పూల వాడకాన్ని మాన్పించింది. దేవుడి పటానికి గన్నేరు దండ వేయవచ్చు. తినే పదార్థం మీద మాత్రం ఆ పువ్వు పెట్టకూడదు. దసరా రోజుల్లో అమ్మవారికి పూలు కోసేటప్పుడు ఇది మరవకండి.

గన్నేరు ఉన్న ఇంట్లో పాటించవలసినవి:
● గన్నేరు పుల్లతో పళ్లు తోమరాదు.
● కత్తిరించిన కొమ్మలను గడ్డిలో కలవనీయరాదు. ఆకు ఎండినా విషం పోదు. వాడిన ఆకును పశువు గుర్తించక తినవచ్చు.
● కొమ్మలను పొయ్యిలో పెట్టరాదు. ఆ పొగ కూడా హానికరం.
● కొమ్మలు ముట్టుకున్న తరువాత చేతులు సబ్బుతో కడుక్కోవాలి.

ఎవరైనా గన్నేరు నమిలినట్లు అనుమానం వస్తే వాంతులు, కడుపునొప్పి, కళ్లు తిరగడం మొదలయ్యే దాకా ఆగవద్దు. నోట్లో మిగిలినది తీసివేయండి. బలవంతంగా వాంతి చేయించవద్దు. ఇంటి మందులతో కాలయాపన చేయవద్దు. 108కి ఫోన్ చేసి వెంటనే ఆసుపత్రికి తీసుకువెళ్లండి. నమిలిన కొమ్మను వెంట తీసుకువెళితే డాక్టరుకు విషయం త్వరగా తెలుస్తుంది.

5. చోటును ఎంచుకోవడం

ముందు రెండు ప్రశ్నలు వేసుకోండి. ఎండాకాలంలో ఈ చోటుకు నీరు అందుతుందా? ఈ చోటుకు ఎవరు వస్తారు?

నీరు అందుతుంది, పిల్లలు తిరుగుతారు అంటే మందారం నాటండి. చుట్టూ ముళ్లకంప కట్టండి.
నీరు అందదు, పిల్లలు అక్కడికి వెళ్లరు, పశువులను కట్టరు అంటే గన్నేరు నాటవచ్చు.
నీరు అందదు, పిల్లలు తిరుగుతారు అంటే గన్నేరు వద్దు. మందారాన్నే నీటికి దగ్గరగా నాటండి.

మంచినీళ్ల బావి పక్కన, పశువుల పాక దగ్గర, వంటింటి గుమ్మం ముందు గన్నేరు నాటరాదు.

6. నాటడం, పెంచడం

రెండింటినీ కొమ్మల నుంచి పెంచవచ్చు. తొలకరి తరువాత పెన్సిలంత లావు, జానెడు పొడవు ఉన్న కొమ్మను కోయండి. కింది ఆకులు తీసివేసి, సగం వరకు మట్టిలో గుచ్చి నీడలో ఉంచండి. గన్నేరు కొమ్మ నీళ్లలో ఉంచినా వేళ్లు వేస్తుంది. కాని ఆ నీరు కూడా విషమే. పిల్లలు, కోళ్లు తాగకుండా పారబోయండి.

మొక్క నాటేందుకు అడుగున్నర లోతు గుంత తీయండి. మట్టిలో మూడో వంతు చివికిన పశువుల ఎరువు కలపండి. రెండింటికీ ఎండ తగలాలి. మందారం పక్కన నాలుగైదు అడుగులు, గన్నేరు పక్కన ఆరు అడుగుల చోటు వదలండి.

మందారానికి పిండినల్లి ఎక్కువగా పడుతుంది. లేత కొమ్మల మీద తెల్లని దూదిలా కనిపిస్తుంది. ముందు నీటిని గట్టిగా కొట్టి కడగండి. తగ్గకపోతే లీటరు నీటికి 5 మిల్లీలీటర్ల వేపనూనె, కొంచెం సబ్బు నీరు కలిపి చల్లండి. గన్నేరు చివుళ్లకు పసుపు రంగు పేనుబంక పట్టినా ఇదే పద్ధతి పాటించవచ్చు.

సారాంశం

మందారం నీరు, కాపలా కోరుతుంది. పిల్లలున్న ఇంటికి భయం లేని మొక్క. గన్నేరు తక్కువ నీటితో పెరుగుతుంది. కాని దానిలో అన్ని భాగాలూ విషమే. పువ్వు అందాన్ని మాత్రమే కాక, చోటును, నీటిని, ఇంట్లో తిరిగేవారిని చూసి మొక్కను ఎంచుకోవాలి.

మీ ప్రగతిని తెలుసుకోండి

1. గన్నేరు ఎండను ఎలా తట్టుకుంటుంది?
2. ఎండిన గన్నేరు ఆకులను పశువుల గడ్డిలో ఎందుకు కలవనీయరాదు?
3. మీ పెరటి పటం గీయండి. నీరు పారే చోటు, పిల్లలు ఆడుకొనే చోటు, పశువులను కట్టే చోటు గుర్తించండి. ఏ మొక్కను ఎక్కడ నాటుతారు?

జవాబులు: 1. పత్రరంధ్రాలు ఆకు అడుగున గుంటలలో దాగి ఉండడం వల్ల నీరు తక్కువగా ఆవిరవుతుంది. 2. ఎండినా వాటిలో విషం పోదు. 3. మీ పటాన్ని 5వ భాగంతో పోల్చి సరిచూసుకోండి.