ఈగ కన్ను, మా మనవరాలి కన్ను

అరటిపండ్లు నాలుగు రోజులు ఇంట్లో ఉంటే చుట్టూ ముసిరే నలుసంత ఈగలు మీకందరికీ తెలిసినవే. చేత్తో తోలేస్తాం, మర్చిపోతాం. ఆ ఈగ వల్ల మా ఇంట్లో ఒక కన్నీరు ఆగింది. అది చెబుదామనే ఈ రాత. నేను నాలుగో తరగతి చదివినోణ్ణి, మిల్లులో మగ్గాల మీద బతికినోణ్ణి. తప్పులుంటే మన్నించండి.

మా చిన్నోడికి ఆడపిల్ల పుట్టింది. వెలుతురు చూస్తే చాలు, కళ్ళు మూసుకుని ఏడ్చేది. దగ్గరగా చూస్తే కంటిపాప చుట్టూ ఉండాల్సిన రంగు వలయం లేదు. అంతా నలుపే. చుట్టాలు ఊరుకుంటారా? "గ్రహణం నాడు కోడలు బయట తిరిగింది, కత్తిపీట పట్టింది" అన్నారు. ఆ పిల్ల వంటింట్లో కూచుని ఏడ్చేది. నేనూ వాళ్ళకు ఎదురు చెప్పలేదు. నిజం చెప్పాలంటే, లోపల నాకూ అనుమానమే.

కళ్ళ డాక్టరమ్మ చూసి, "తాతగారూ, గ్రహణానికీ దీనికీ సంబంధం లేదు. దీన్ని అనిరీడియా అంటారు. పాక్స్-6 అనే జీన్‌లో లోపం వల్ల వస్తుంది. అట్లాంటి జీనే పండు ఈగలోనూ ఉంది" అనింది. ఈగలోనా అని నోరు తెరిచాను.

ఆమె చెప్పిందీ, మా వీధి కాలేజీ పిల్లోడు చదివి వినిపించిందీ కలిపి రాస్తున్నా. ఈగ కన్ను ఒక్కటిగా కనిపిస్తుంది గానీ, అందులో సుమారు 750 బుల్లి కళ్ళు వరసగా పేర్చి ఉంటాయి. 1915లో అమెరికాలో మిల్డ్రెడ్ హోగ్ అనే ఆమె, కళ్ళు కుంచించుకుపోయిన, కొన్నిటికి అసలు కళ్ళే లేని ఈగల గురించి రాసింది. ఆ జీన్‌కు 'ఐలెస్' అని పేరు. అంటే కన్ను లేనిది. 1995లో స్విట్జర్లాండ్‌లోని బాసెల్‌లో వాల్టర్ గేరింగ్ బృందం ఆ జీన్‌ను ఈగ కాళ్ళలో, రెక్కల్లో పనిచేయించింది. అక్కడ కళ్ళు మొలిచినాయి! ఎలుక జీన్ పెట్టినా మొలిచినాయి. కానీ ఎలుక కళ్ళు కాదు, ఈగ కళ్ళే.

ఇది మనకు సులువుగా అర్థమవుతుంది. మా నాయన కాలంలో షెడ్డులో లైన్ షాఫ్టు తిరిగితేనే మగ్గాలన్నీ ఆడేవి. షాఫ్టు గుడ్డ నేయదు, నేసేవాటిని నడిపిస్తుంది. ఈ జీన్ కూడా చాలా జీన్లను పనిలోకి దించుతుంది. ఎలుక షాఫ్టు తెచ్చి బిగించినా, నేసేది ఈగ మగ్గాలే గదా!

మన బెంగళూరులోనే, బళ్ళారి రోడ్డు జీకేవీకే ఆవరణలో, ఎన్‌సీబీఎస్ అనే పరిశోధన సంస్థ ఉంది. దాన్ని స్థాపించిన ఒబైద్ సిద్దిఖీ గారు ఈగకు వాసన, రుచి ఎట్లా తెలుస్తాయో ఏళ్ళ తరబడి పరిశోధించారు. ఈగే ఎందుకంటే, గుడ్డు నుంచి పెద్ద ఈగ కావడానికి పది రోజులు చాలు. తరాల కథ తొందరగా తెలుస్తుంది.

మనుషుల్లో ఈ జీన్ తల్లి నుంచి ఒకటి, తండ్రి నుంచి ఒకటి వస్తుంది. ఒకటి చెడినా చాలు, ఈ జబ్బు వస్తుంది. తల్లిదండ్రులిద్దరికీ లేకపోయినా బిడ్డలో కొత్తగా రావచ్చు. జకార్డు అట్టలో ఒక రంధ్రం తప్పి పడితే డిజైన్ మారుతుంది. అది నేసినోడి తప్పా?

ఆ రోజు ఇంటికొచ్చి, అందరి ముందూ కోడలితో, "అమ్మా, నీ తప్పేం లేదు. ఇన్నాళ్ళూ నోరు విప్పకపోవడం నా తప్పు" అన్నాను. ఆ పిల్ల మళ్ళీ ఏడ్చింది. ఈసారి ఏడుపు వేరు.

ఇప్పుడు మనవరాలు నల్లద్దాలు పెట్టుకుని, టోపీ వేసుకుని ఆడుకుంటోంది. కంట్లో ఒత్తిడి పెరగొచ్చు, శుక్లం రావొచ్చు, అందుకని చూపించుకుంటూ ఉన్నాం. ఇట్లా పుట్టిన కొందరికి మూత్రపిండంలో గడ్డ వచ్చే ప్రమాదం కూడా ఉంటుందంట. డాక్టరు చెబితే స్కానింగ్ తప్పించకండి. మీ ఇళ్ళల్లో ఇట్లాంటి బిడ్డ పుడితే, తల్లిని ఒక్క మాట అనకండి. ముందు కళ్ళ డాక్టరు దగ్గరికి తీసుకుపోండి.