మందు పనిచేసిన తరువాత

కుంగుబాటు వ్యాధికి చికిత్స పొందినవారిని ఇంటివారు సాధారణంగా అడిగే ప్రశ్న ఒక్కటే: ‘తగ్గిందా?’ తగ్గిందని వినగానే అందరికీ ఊరట కలుగుతుంది. అయితే దుఃఖం, నిరాశ తగ్గడం వేరు. ఉదయం లేచి పనికి వెళ్లాలని, పిల్లలతో కబుర్లు చెప్పాలని అనిపించడం వేరు. మొదటిది వ్యాధి లక్షణాలకు, రెండవది జీవన నాణ్యతకు సంబంధించినది. ఈ రెండూ ఒకే వేగంతో మెరుగుపడవు.

లక్షణాలను కొలిచే హామిల్టన్ పట్టిక 1960 నాటిది. అందులోని 17 అంశాలకు కలిపి 7 గాని, అంతకు తక్కువ గాని వస్తే వ్యాధి ఉపశమించినట్లు వైద్యులు భావిస్తారు. జీవన నాణ్యతకు ప్రపంచ ఆరోగ్య సంస్థ వేరొక ప్రశ్నావళిని రూపొందించింది. దాని సంక్షిప్త రూపంలోని 26 ప్రశ్నలలో నిద్ర, నొప్పి, ఏకాగ్రతలతో పాటు చేతిలోని డబ్బు, నివసించే ఇల్లు, మిత్రుల తోడు, రాకపోకల సౌకర్యం కూడా ఉన్నాయి. ఊరు విడిచి బెంగళూరు చేరిన కుటుంబానికి ఈ చివరివే పెద్ద భారం. మాత్ర నిద్రను తేగలదు గాని ఇంటి అద్దె తీర్చలేదు, తెలుగులో మనసు విప్పి మాట్లాడే తోడును చూపలేదు.

చికిత్స తరువాత కూడా నీరసం, నిద్రలేమి, మతిమరపు కొందరిలో మిగిలిపోతాయి. ఇంటివారు దీనిని సోమరితనమని పొరబడుతుంటారు, అది అన్యాయం. ఇవి మిగిలినవారిలో వ్యాధి తిరగబెట్టే అవకాశం ఎక్కువ కనుక వైద్యునికి చెప్పవలసిందే. కొన్ని మందుల వలన బరువు పెరగడం, దాంపత్య వాంఛ తగ్గడం కూడా జరుగుతుంది. బిడియపడి ఆ మాట దాచి, మందు మానేసేవారున్నారు. చెప్పినచో మోతాదునో మందునో మార్చే వీలుంటుంది.

కోలుకున్న తరువాత కనీసం 6 నెలలు మందు కొనసాగించాలన్నది సాధారణ వైద్య సలహా. హఠాత్తుగా ఆపితే తలతిరుగుడు, చికాకు, నిద్రాభంగం కలుగవచ్చు. సంక్రాంతికి ఊరు వెళ్లేవారు ఆ రోజులకు సరిపడా మాత్రలు వెంట ఉంచుకోవాలి.

శారీరక వ్యాధులకు వర్తించే ప్రాతిపదికపైనే మానసిక వ్యాధులకూ వైద్య బీమా కల్పించాలని 2017 నాటి మానసిక ఆరోగ్య సంరక్షణ చట్టంలోని 21వ సెక్షన్ నిర్దేశిస్తున్నది. ప్రభుత్వ టెలీ మానస్ సేవ 14416 నంబరులో రాత్రింబవళ్లు ఉచితంగా, తెలుగులో కూడా లభిస్తుంది. చనిపోవాలన్న ఆలోచన తిరిగి వచ్చినవారు తదుపరి వైద్య పరీక్ష తేదీ వరకు ఆగకుండా వెంటనే ఆ నంబరుకు ఫోను చేయాలి, లేదా దగ్గరి ఆసుపత్రి అత్యవసర విభాగానికి వెళ్లాలి.