వణకెడు చేతికి రెండు ఊతలు

గంజాం జిల్లా గోపాలపూరు తీరమున, తెలుగు జాలరులగు నూలియాలు పడవలను ఒడ్డునకు లాగు మునిమాపువేళ, దీపస్తంభమును టెలిఫోటో లెన్సుతో పట్టజూచువాని చేతివణకును మాన్పుటకు (ఆ ఇసుకలో ట్రైపాడు కుదురుగ నిలుచుట వట్టిమాట) కెమెరాలయందు రెండు ఉపాయములు కలవు.

మొదటిదానిని లెన్సులు మార్చుకొను కెమెరాలకు కానన్ సంస్థ 1995లో తన 75-300 మి.మీ. లెన్సునందు ప్రవేశపెట్టెను. వణకును గైరోస్కోపు పసిగట్టగా, లెన్సులోని గాజుబిళ్లలు కొన్ని పక్కకు జరిగి బింబమును నిలుపును. రెండవది 2003లో మినోల్టావారి డిమాజ్ ఏ1తో వచ్చినది. ఇందు కదలునది సెన్సరే కనుక, తరువాత లెన్సులు మార్చుకొను కెమెరాలకు ఈ పద్ధతి అబ్బినపుడు పాత లెన్సులకును దాని లాభము దక్కెను.

అయినను నాభ్యంతరము పెరిగినకొలది బింబచలనము హెచ్చును. సెన్సరు అంతదూరము జరుగజాలదు. కావున దూరపు పడవలకు లెన్సులోని ఏర్పాటే మేలని నా మతము. అలపై ఎగురు పడవను మాత్రము ఈ రెండును నిలుపజాలవు. అందులకు షట్టరువేగము పెంచవలసినదే.