వార్తల్లో పదం: బగ్ ట్రాకర్

సాఫ్ట్‌వేర్‌లో దొరికిన ప్రతి తప్పుకూ ఒక నంబరిచ్చి, ఎవరు చూస్తున్నారో, పని ఎక్కడిదాకా వచ్చిందో రాసిపెట్టే చిట్టా. కోడ్ మార్పుల చరిత్రను దాచే గిట్‌లోని ఓపెన్ సోర్స్ కోడ్‌ను ఎవరైనా చరిత్రతో సహా తమ కంప్యూటర్లోకి దించుకోవచ్చు. బగ్‌ల మీద చర్చలు మాత్రం దానితో రావు, ట్రాకర్ సర్వర్‌లోనే ఉండిపోతాయి. ప్రాజెక్టును ఒక చోటి నుంచి ఇంకో చోటికి మార్చేటప్పుడు చిక్కంతా అక్కడే. పైథాన్ భాష ప్రాజెక్టు 2017లో కోడ్‌ను గిట్‌హబ్ అనే సైటుకు మార్చింది. రౌండప్ అనే దాని పాత ట్రాకర్‌లోని బగ్‌లు అక్కడికి చేరేసరికి 2022 వచ్చింది. నంబర్లు మారిపోతాయి కనుక ప్రతి బగ్ దగ్గరా 'బీపీఓ' (పాత ట్రాకర్ చిరునామా bugs.python.orgకు పొట్టిపేరు) అంటూ పాత నంబరు కూడా రాశారు. ఎంత ఓపికైన పనో! అలాంటి సైటే అయిన గూగుల్ కోడ్ అయితే 2016లో మూతే పడింది. అందుకే ట్రాకర్‌ను ఎంచుకునేటప్పుడు, ఉచితమా కాదా అన్నదానికంటే ముందు, రేపు చర్చలన్నీ మూటగట్టుకుని బయటికి రాగలమా అని చూసుకోవాలి. బెర్లిన్‌లో లాభాపేక్ష లేకుండా నడిచే కోడ్‌బెర్గ్ అనే సైటుకు ఆధారమైన సాఫ్ట్‌వేర్ కూడా ఓపెన్ సోర్సే. కావాలంటే సొంత సర్వర్‌లో పెట్టుకోవచ్చు.