గిటారు ఆంప్లిఫయర్ జాక్ మార్చేటప్పుడు ప్రాణం జాగ్రత్త



ఆరోగ్య పత్రికలో ఆంప్లిఫయర్ సంగతి ఎందుకని మీకు అనిపించవచ్చు. కారణం ఉంది. కొంతకాలం క్రితం ఉప్పునుంతల పరిసరాల నుండి ఒక యువకుడిని మన ఆసుపత్రికి తీసుకొచ్చారు. ఆదివారం ఆరాధనలో గిటారు వాయించే పిల్లవాడు. జాక్ వదులై శబ్దం ఆగిపోతుంటే, స్విచ్ ఆపి, ప్లగ్ మాత్రం తీయకుండా పెట్టె విప్పాడు. వేలి మీద మినపగింజంత మచ్చ తప్ప పైకి ఏమీ కనిపించలేదు. అయినా ఇ.సి.జి. తీయించి, రాత్రంతా కనిపెట్టుకొని ఉన్నాము. మర్నాడు క్షేమంగా ఇంటికి వెళ్ళాడు. అందరూ అలా వెళ్ళరు. 1972లో బ్రిటన్‌లోని స్వాన్సీలో లెస్లీ హార్వే అనే 27 ఏళ్ళ గిటారు వాద్యకారుడు, ఎర్తు సరిగా లేని మైకును తాకి వేదిక మీదే ప్రాణం విడిచాడు.

జాక్ ఎందుకు అరుగుతుంది?

గిటారు వైరు పిన్ను దూర్చే రంధ్రమే జాక్. పిన్ను మందం పావు అంగుళం, అంటే 6.35 మిల్లీమీటర్లు. లోపలి స్ప్రింగు పిన్ను కొనను తాకి శబ్దాన్ని అందుకుంటుంది. పిన్ను మొదలు గ్రౌండుకు కలుస్తుంది. మాటిమాటికీ పెట్టి తీయడం వలన, నడిచేవారి కాళ్ళకు వైరు తగలడం వలన స్ప్రింగు వదులవుతుంది, నట్టు సడలుతుంది, టాంకా పగులుతుంది. అప్పుడు గరగర శబ్దం వస్తుంది.

ముందుగా వేరొక మంచి వైరు పెట్టి చూడండి. చాలాసార్లు లోపం వైరులోనే ఉంటుంది. పెట్టె విప్పే పనే ఉండదు.

మార్చే పద్ధతి

1. స్విచ్ ఆపడం చాలదు. ఆంప్లిఫయర్ స్విచ్ ఆపినా అక్కడిదాకా 230 వోల్టుల కరెంటు వస్తూనే ఉంటుంది. గోడ నుండి ప్లగ్ పీకి, కంటికి కనబడేలా పక్కన పెట్టండి. బ్యాటరీ ఉంటే దాని వైర్లు కూడా తీయండి.

2. ప్లగ్ తీసిన తరువాత కూడా కెపాసిటర్లలో కరెంటు నిలువ ఉంటుంది. వాల్వులున్న ఆంప్లిఫయర్లలో అది 300 వోల్టులు దాటవచ్చు. అటువంటివి మెకానిక్కు ఇవ్వండి. మిగతావాటిలోనూ కొంతసేపు ఆగి, మల్టీమీటరుతో కొలిచి చూడండి. కొలవడం రానివారు పెట్టె విప్పవద్దు.

3. పాత జాక్ వైర్లు ఎక్కడెక్కడ ఉన్నాయో ఫోనుతో ఫొటో తీసుకోండి. అదే రకం జాక్ కొనండి. జాక్ నేరుగా సర్క్యూటు బోర్డుకే అతికి ఉంటే బలవంతంగా లాగవద్దు, మెకానిక్కు అప్పగించండి.

4. సోల్డరింగ్ ఐరన్ వేడి 300 డిగ్రీలు దాటుతుంది. గాలి వచ్చే చోట, కళ్ళద్దాలు పెట్టుకొని, పిల్లలను దూరంగా ఉంచి పని చేయండి. టాంకా తీగలో సీసం ఉండవచ్చు. కావున పని అయ్యాక సబ్బుతో చేతులు కడుక్కున్న తరువాతే భోజనం చేయండి.

5. నట్టు బిగించి, పెట్టె మూసిన తరువాతే ప్లగ్ పెట్టండి.

హమ్ శబ్దం తగ్గుతుందని మూడు పిన్నుల ప్లగ్‌లో పెద్ద పిన్నును కొందరు విరిచేస్తారు. అది ఎర్తు పిన్ను. లోపల ఫేజు వైరు పెట్టెను తాకితే, ఆ కరెంటు మీ శరీరం గుండా పోకుండా కాపాడేది అదే. గిటారు తీగలు పట్టుకొని మైకుకు పెదవులు తగిలినప్పుడు జిల్లుమంటే, "కొంచెమే కదా" అని పాట కొనసాగించవద్దు. వెంటనే మెయిన్ ఆపించండి. తడి నేల మీద చెప్పులు లేకుండా నిలబడి వాయించవద్దు.

షాక్ తగిలితే

సుమారు 10 మిల్లీ ఆంపియర్లు దాటితేనే కండరాలు బిగుసుకొని చెయ్యి వైరును వదలలేదు. కాబట్టి మనిషిని పట్టుకోకండి. ముందు మెయిన్ ఆపండి. వీలు కాకపోతే పొడిగా ఉన్న కర్రతో వైరును తప్పించండి. 108కి ఫోను చేయించండి. స్పృహ, ఊపిరి లేకపోతే ఛాతీ మధ్యలో రెండు చేతులతో 5 సెంటీమీటర్లు దిగేలా, నిమిషానికి 100 నుండి 120 సార్లు నొక్కుతూ ఉండండి. సహాయం వచ్చేదాకా ఆపవద్దు.

కాలిన చోట 20 నిమిషాలు చల్లని నీళ్ళు ధారగా పోయండి. పేస్టు, సిరా, ఐసు పెట్టవద్దు. కరెంటు గాయం పైకి చిన్నదే, లోపల పెద్దది కావచ్చు. స్పృహ తప్పినా, గుండె దడ ఉన్నా, ఛాతీ నొప్పి వచ్చినా, మూత్రం నల్లటి టీ రంగులో వచ్చినా, గర్భిణికి షాక్ తగిలినా వెంటనే ఆసుపత్రికి రండి.

సంఘ పెద్దలకు మా మనవి. కూటములకు ముందు మందిరంలో ఎర్తును ఎలక్ట్రీషియనుతో చూపించండి. 30 మిల్లీ ఆంపియర్ల ఆర్.సి.సి.బి. పెట్టించండి. దేవుని స్తుతించే మన బిడ్డలు పాట ముగించి క్షేమంగా ఇల్లు చేరాలని మా ప్రార్థన.